బుల్లెట్‌కి రంగు: 21 వేలిచ్చి వేయించాలా, నేనే వేసుకోవాలా?

ప్రశ్న: మాది విజయనగరం. పైడిభీమవరం దగ్గర ఫార్మా కంపెనీలో షిఫ్టు డ్యూటీ చేస్తున్నాను. చేతికి 26 వేలు వస్తుంది. ఇంటి ఖర్చు 20 వేల దాకా అవుతుంది, చీటీకి 3 వేలు కడుతున్నాను. బ్యాంకులో 35 వేలు ఉన్నాయి. నాన్నగారు ఆర్మీలో పనిచేసి రిటైరయ్యారు. ఆయన 2016లో కొన్న బుల్లెట్ 350 ఇప్పుడు నేనే నడుపుతున్నాను. దానికి మిలటరీ ఆలివ్ గ్రీన్ కొట్టించి, ట్యాంకు మీద బంగారు గీతలు వేయించాలని కోరిక. పెయింటర్ 21 వేలు అడిగాడు. వీడియోలు చూసి మేడ మీద నేనే చేసుకుంటే, స్ప్రే డబ్బాలతో సహా 8,200లో అవుతుందని లిస్టు రాసుకున్నాను. కంప్రెషర్, స్ప్రే గన్ ఫ్రెండు ఇస్తానన్నాడు. లేదంటే క్రెడిట్ కార్డులో 16 శాతం వడ్డీకి 12 నెలల ఈఎంఐ ఉంది. దసరా అయ్యాక జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి బండి తయారవ్వాలి. ఇంకా రెండు నెలలుంది. ఏం చేయమంటారు?

జవాబు: డబ్బు కన్నా ముందు రంగు సంగతి. రక్షణ శాఖ వాహనాలకు తప్ప మరే బండికీ ఆలివ్ గ్రీన్ వేయకూడదని కేంద్ర మోటారు వాహనాల నిబంధనల్లో 121వ నిబంధన చెబుతోంది. నాన్నగారు సైన్యంలో చేసినా ఇంట్లో బండికి ఆ మినహాయింపు లేదు. మన ఉత్తరాంధ్రలో ఇంటికొకరు ఫౌజులో ఉన్న ఊళ్లున్నాయి కాబట్టి మీ కోరిక నాకు అర్థమవుతుంది, కానీ షేడు మార్చుకోండి. వేరే ఏ రంగైనా ఆర్‌సీలో ఉన్న రంగుకు తేడా వస్తే అక్కడా మార్పించాలి. బండి నాన్నగారి పేరు మీదే ఉంటే ఆ దరఖాస్తు ఆయనే పెట్టుకోవాలి. పని మొదలుపెట్టే ముందే ఆర్టీవో ఆఫీసులో కనుక్కోండి.

ఇక 21 వేలు. ఇన్సూరెన్స్ క్లెయిముల్లో ఒక లెక్క ఉంది. పెయింటింగ్ బిల్లు విడివిడిగా కాకుండా మొత్తం ఒకే అంకెగా వస్తే, అందులో 25 శాతమే మెటీరియల్ అనుకుని దాని మీదే తరుగు (పాతబడినందుకు కోత) వేస్తారు. మీ బిల్లుకి అదే కొలత పెడితే రంగు, ప్రైమర్, లప్పం, థిన్నర్ అన్నీ కలిపి సుమారు 5,250. మిగతా పదిహేను వేల పైచిలుకు కూలి, షెడ్డు, అతని అనుభవం. అంటే సొంతంగా చేసుకుంటే మీకు మిగిలేది మెటీరియల్‌లో కాదు. చిల్లరగా కొంటారు కాబట్టి ఆ ఖర్చు మీకే ఎక్కువ, మీ 8,200 లిస్టే సాక్ష్యం. మిగిలితే కూలిలోనే మిగలాలి. కాబట్టి ఆ కూలిలో మీ చేతికి వచ్చే పని ఎంత, రాని పని ఎంత అన్నదే అసలు లెక్క.

సీటు, ట్యాంకు, మడ్‌గార్డులు, సైడ్ ప్యానెళ్లు విప్పడం, స్టిక్కర్లు పీకడం, జిడ్డు కడగడం, వాటర్ పేపర్‌తో రుద్దడం, చివర్లో మళ్లీ బిగించడం: ఇవి ఓపిక పనులు. రెండు వీక్లీ ఆఫ్‌లు పెడితే మీరు చేయగలరు. గన్‌తో బేస్ కోటు (అసలు రంగు), దాని మీద క్లియర్ కోటు (మెరుపు కోసం వేసే రంగులేని పూత) సమంగా పడేలా కొట్టడం అలా కాదు. చెయ్యి ఒక్క క్షణం ఆగితే రంగు కారి చార పడుతుంది, ఆరనిచ్చి రుద్ది మొదటికి రావాలి. అప్పుడు మీ 8,200 రెండోసారి మొదలవుతుంది. లిస్టులో స్ప్రే డబ్బాలు కూడా రాశారు. మామూలు డబ్బా క్లియర్ మీద పెట్రోలు చుక్క పడితే మెత్తబడి లేస్తుంది, అదీ ట్యాంకు మూత చుట్టూనే. హార్డెనర్ (పూతను గట్టిపరిచే ద్రవం) కలిపే రెండు భాగాల క్లియర్ పెట్రోలుకు తట్టుకుంటుంది. కానీ దాని హార్డెనర్‌లో ఊపిరితిత్తులకు హాని చేసే ఐసోసయనేట్లు అనే రసాయనాలు ఉంటాయి, గుడ్డ మాస్కు సరిపోదు. కంపెనీలో రెస్పిరేటర్ లేకుండా లోపలికి పంపరు కదా, మేడ మీద మాత్రం కర్చీఫ్ కట్టుకుని కొట్టేద్దామనుకుంటే ఎలా? లిస్టులో ఆ మాస్కు ఖర్చే లేదు. ఇంకోటి, ఖాళీ ట్యాంకులో మిగిలే పెట్రోలు ఆవిరి నిండు ట్యాంకు కంటే ప్రమాదం. దాని దగ్గర గ్రైండర్, హీట్ గన్ పెట్టకండి.

బంగారు గీతలకు మాత్రం బేరం ఆడకండి. మద్రాసు తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో బుల్లెట్ ట్యాంకులకు వాటిని బ్రష్షుతో చేత్తోనే గీసేవారు. అది డబ్బిచ్చి చేయించుకోవాల్సిన పనితనం.

కాబట్టి పెయింటర్‌ని ఇలా అడగండి: విడిభాగాలు విప్పి, శుభ్రం చేసి నేనే తెస్తాను, బిగించుకోవడం కూడా నాదే, రంగు, క్లియర్, గీతలకు ఎంత? రుద్దడం కూడా మీరే చేస్తానంటే అతను ఒప్పుకోకపోవచ్చు. కింద పని వేరేవాళ్లు చేస్తే పైన రంగుకి గ్యారంటీ ఇవ్వనంటాడు, అందులో న్యాయం ఉంది. అతను చూపించినట్టు అతని షెడ్డులోనే రుద్దుతానని చెప్పి చూడండి. 16 వేలకు దిగితే మంచి బేరమే.

ఆ 16 వేలు ఎక్కడి నుంచి? 35 వేలలోంచి వద్దు. ఇంటి ఖర్చుకి అది రెండు నెలలు కూడా రాదు. కార్డు ఈఎంఐ కూడా వద్దు. 21 వేలకు నెలకు 1,905 చొప్పున కడితే ఏడాది మొత్తానికి వడ్డీయే 1,860 పైన, దాని మీద 18 శాతం జీఎస్టీ మరో 335, ప్రాసెసింగ్ ఫీజు వేరు. ఖర్చులు, చీటీ పోను మీకు నెలకు 3 వేలు మిగులుతోంది. అందులో నెలకు 2,600 చొప్పున బ్యాంకు ఆర్డీలో (రికరింగ్ డిపాజిట్) ఆరు నెలలకు వేయండి. 15,600, పైన కాస్త వడ్డీ. పోస్టాఫీసు ఆర్డీ ఐదేళ్లది, దీనికి పనికిరాదు.

దానివల్ల సిరిమానోత్సవం దాటిపోతుంది, తెలుసు. అయినా దసరా రోజుల్లో మన దగ్గర వానలు, తుపాన్లు. గాలిలో తేమ ఎక్కువుంటే క్లియర్ కోటు పాలలా తెల్లబారుతుంది. సంక్రాంతి దాటాక పొడి వాతావరణంలో చేయిస్తే పెయింటర్‌కీ సుఖం. ఈ ఏడాది అమ్మవారి పండక్కి బండిని బాగా కడిగి, పాలిష్ పెట్టించి తీసుకెళ్లండి.

రంగు వేయిస్తే బండి విలువ పెరుగుతుందని మాత్రం ఆశపడకండి. ఇన్సూరెన్స్ ఐడీవీ (పాలసీలో బండికి కట్టే విలువ) దానివల్ల దానంతటదే పెరగదు. కొనడానికి వచ్చినవాడు కొత్త రంగు చూసి, యాక్సిడెంటు ఏమైనా దాచారా అని అడుగుతాడు. ఇది మీ ముచ్చట కోసం పెట్టే ఖర్చు, అలాగే రాసుకోండి.

పెయింటర్‌తో మాట్లాడేటప్పుడు ఎన్ని కోట్లు, ఏ క్లియర్, ఎన్నాళ్లలో ఇస్తాడు అన్నీ కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్స్ సగానికి మించి ఇవ్వకండి. కలిపిన రంగు మిగిలితే చిన్న సీసాలో అడిగి తెచ్చుకోండి, టచప్‌కి మళ్లీ అదే షేడు దొరకడం కష్టం. బండి షెడ్డులో ఉన్నన్నాళ్లూ డ్యూటీకి వెళ్లే బస్సు, ఆటో ఖర్చు కూడా ఆ 16 వేల పక్కన వేసుకోండి.