ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు

మీరు రాసినదాన్ని బట్టి భీమవరంలో 200 లీటర్ల రీఫ్ ట్యాంకు (పగడాలు పెంచే ఉప్పునీటి అక్వేరియం), ఎండలకి పైన ఫ్యాను, తగ్గిన నీటికి బదులు అంతర్వేది నుంచి తెచ్చిన సముద్రపు నీళ్ళు. పగడాలు ముడుచుకుపోయాయి. ఏ మందు పోయాలని కదా మీ ప్రశ్న? ఏదీ పోయకండి. ముందు సెలినిటీ, అంటే నీటిలో ఉప్పు ఎంతుందో చూడండి, 40 పీపీటీ (లీటరుకి సుమారు 40 గ్రాములు) దగ్గర ఉంటుందని నా అనుమానం.

లెక్క చూడండి. ఫ్యాను గాలికి రోజుకి 3 లీటర్లు ఆవిరైతే పది రోజులకి 30. పోయింది మంచినీరే, ఉప్పంతా లోపలే మిగిలింది. ఆ లోటుని 35 పీపీటీ నీళ్ళతో పూడిస్తే కేజీ పైచిలుకు ఉప్పు కొత్తగా చేరింది, అంటే 5 పీపీటీ పెరిగినట్టే. చెరువులో వెనామి రొయ్య 5కీ 30కీ కూడా సర్దుకుంటుంది కాబట్టి మనవైపు ఇది ఎవరికీ పట్టదు. పగడం అలా కాదండి, 35కి ఒకటి అటూఇటూ మించకూడదు.

ఒక్కరోజులో దించేయకండి. రోజుకి 5 లీటర్లు తీసి అంతే ఆర్వో నీరు పోస్తే సుమారు 1 పీపీటీ దిగుతుంది. ఆవిరైన 3 లీటర్లు దీనికి వేరే, అవీ ఆర్వోవే. అద్దం మీద స్కెచ్ పెన్నుతో గీత గీసుకుని రోజూ అక్కడిదాకా నింపండి. తాగే ఆర్వో మెషీన్లలో రుచికోసం బోరునీరు కాస్త కలిపే స్క్రూ ఉంటుంది, అది పూర్తిగా మూసేయాలి. చివర డీఐ రెజిన్ (మిగిలిన లవణాలనీ పట్టేసే ఫిల్టరు) తగిలిస్తే టీడీఎస్, అంటే నీటిలో కరిగిన లవణాల లెక్క, సున్నాకి వస్తుంది.

చెరువు గట్టున వాడే సెలినిటీ మీటరైతే మంచినీటితో సున్నా చూసుకుంటే చాలదు, 35 పీపీటీ ద్రావణంతో సరిచూడాలి.

అంతర్వేది నీళ్ళు మానేయడమే మేలు. వరదలప్పుడు వశిష్ఠ ఎర్రనీరంతా అక్కడే కలుస్తుంది. ఉప్పు పడిపోతుంది, బురద, నాచుకి మేత రెండూ వస్తాయి. నీళ్ళు మార్చాల్సి వస్తే రీఫ్ ట్యాంకుల కోసం అమ్మే ఉప్పుని లీటరుకి 38 గ్రాముల లెక్కన ఆర్వో నీటిలో వేసి, పంపు పెట్టి ఒకరోజు తిప్పి వాడండి.

రొయ్యల ల్యాబులో ఆల్కలినిటీ (నీటి క్షారత) చూపించుకోవచ్చు. వాళ్ళు పీపీఎంలో ఇస్తారు, 145 నుంచి 160 ఉండాలి. కాల్షియం 420 కావాలి. కాగితం మీద 'కాల్షియం హార్డ్‌నెస్' అని ఉంటే ఆ అంకెని 2.5తో భాగించాకే పోల్చండి. చాలామంది ఇక్కడే తికమకపడి ఉన్న లోటుని గమనించరు.

చెరువుకి కాపర్ సల్ఫేట్ కలిపిన బకెట్ మాత్రం ట్యాంకు దరిదాపులకి రానివ్వకండి, కడిగినా సరే, రాగి పగడాలకి విషం.