పాఠకుల ప్రశ్నలు: టెరాహెర్ట్జ్ డిటెక్టర్ సెన్సిటివిటీ

ప్రశ్న: 65 నానోమీటర్ల సీమాస్ (మామూలు చిప్‌ల తయారీ పద్ధతి) ట్రాన్సిస్టర్‌తో 0.6 టెరాహెర్ట్జ్ డిటెక్టర్ పరీక్షిస్తున్నాను. గేటు వోల్టేజి తగ్గించేకొద్దీ సిగ్నల్ పెరిగి, త్రెషోల్డ్ (ట్రాన్సిస్టర్ తెరుచుకునే వోల్టేజి) కిందికి పోయాక పడిపోతోంది. చాపింగ్ (కిరణాన్ని లయగా ఆపి వదలడం) 2 కిలోహెర్ట్జ్‌కు పెంచితే మరీ తగ్గుతోంది. ట్రాన్సిస్టర్ మార్చాలా?

జవాబు: అప్పుడే వద్దు. ముందు దాని వెనకున్న కేబుల్ చూడండి. త్రెషోల్డ్ కింద ఛానల్ (సోర్సు, డ్రెయిన్ మధ్య కరెంటు పారే దారి) రెసిస్టెన్స్ తేలిగ్గా 1 మెగా ఓమ్ దాటుతుంది. మీటరు పొడవు కోయాక్సియల్ కేబుల్ కెపాసిటెన్స్ సుమారు 100 పికోఫ్యారడ్లు. ఈ రెండూ కలిస్తే 1.6 కిలోహెర్ట్జ్ దగ్గరే సిగ్నల్‌కు కోత పడుతుంది, మీ 2 కిలోహెర్ట్జ్ ఆ పైనే ఉంది. ఛానల్ 10 మెగా ఓమ్‌లకు చేరితే, 10 మెగా ఓమ్‌ల లాకిన్ (చాపింగ్ లయలో వచ్చే సిగ్నల్‌నే కొలిచే పరికరం) ఇన్‌పుట్ సగం సిగ్నల్‌ను మింగేస్తుంది.

చిప్‌కు ఆనుకునేలా ఫెట్ ఇన్‌పుట్ ఆప్‌యాంప్‌ను (ఇన్‌పుట్‌లో దాదాపు కరెంటు తీసుకోని యాంప్లిఫయర్) బఫర్‌గా, అంటే ఛానల్‌కూ కేబుల్‌కూ మధ్య, పెట్టండి. బైపోలార్ ఇన్‌పుట్‌ది పనికిరాదు. దాని కరెంటు నాయిస్ రూట్ హెర్ట్జ్‌కు 1 పికోయాంపియరే అయినా, 1 మెగా ఓమ్ మీద అది 1 మైక్రోవోల్ట్ అవుతుంది. ఛానల్ సొంత థర్మల్ నాయిస్ (వేడి వల్ల పుట్టేది) 129 నానోవోల్టులే!

ఇక అసలు విషయం. సిగ్నల్ ఎక్కడ ఎక్కువో అక్కడే సెన్సిటివిటీ ఎక్కువ అనుకోకండి. గేటును 10 మిల్లీవోల్టుల చొప్పున జరుపుతూ ప్రతి చోటా సిగ్నల్, ఛానల్ రెసిస్టెన్స్ రెండూ రాసుకోండి. 1 మెగా ఓమ్ నుంచి 100 కిలో ఓమ్‌లకు వస్తే నాయిస్ 129 నుంచి 41 నానోవోల్టులకు దిగుతుంది. సిగ్నల్ సగమైనా లాభమే. అందుకే మంచి చోటు సాధారణంగా సిగ్నల్ శిఖరం ఉన్న గేటు వోల్టేజికి కాస్త పైన, త్రెషోల్డ్ దగ్గర దొరుకుతుంది.

యాంటెన్నా గేటు, సోర్సుల మధ్యే ఉందా? రేడియేషన్ డ్రెయిన్ వైపు నుంచి కూడా అంతే బలంగా చేరితే రెండు వైపుల వోల్టేజీలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. వెనకవైపు సిలికాన్ లెన్స్ ఉంటే పూత లేని దాని ముఖం 30 శాతం పవర్‌ను తిప్పికొడుతుందని గుర్తుంచుకోండి. డిటెక్టర్‌ను ముందుకు జరిపినప్పుడు ప్రతి 250 మైక్రాన్లకూ సిగ్నల్ ఊగుతుంటే అది స్టాండింగ్ వేవ్ (తిరిగొచ్చిన తరంగం వచ్చేదానితో కలిసి ఏర్పడేది). డిటెక్టర్‌ను రెండు మూడు డిగ్రీలు వాల్చి చూడండి.

ప్రశ్న: డ్రెయిన్‌కు కొంచెం కరెంటు ఇస్తే సిగ్నల్ పెరిగింది. అలాగే ఉంచవచ్చా?

జవాబు: కిరణపుంజాన్ని రేకుతో మూసి, అదే చాపింగ్ ఫ్రీక్వెన్సీలో నాయిస్ కొలవండి. కరెంటు పారితే ఫ్లికర్ నాయిస్ (తక్కువ ఫ్రీక్వెన్సీల్లో పెరిగే నాయిస్) వస్తుంది, సున్నా బయాస్‌లో అది ఉండదు. సిగ్నల్ రెట్టింపై నాయిస్ మూడింతలైతే కరెంటు తీసేయండి.