జాకోను చూసి ఫ్రెట్‌లెస్ బేస్ కొనొచ్చా? పాలమూరు నుంచి నా జవాబు

తమ్ముడూ, నీ ప్రశ్న నాకు ఇట్ల అర్థమయింది. మిర్యాలగూడలో ఆదివారం చర్చిలో, ముహూర్తాలప్పుడు పెండ్లి ఆర్కెస్ట్రాలో బేస్ గిటార్ వాయిస్తవు. నీ హీరో అమెరికా బేస్ ప్లేయర్ జాకో పాస్టోరియస్. అందుకే ఫ్రెట్‌లెస్ జాజ్ బేస్, అంటే మెడ మీద స్వరాలను విడదీసే లోహపు కమ్మీలు (ఫ్రెట్లు) లేనిది తప్ప వేరేది కొనబుద్ధి అయితలేదు. తోటివాళ్లు మామూలు నాలుగు తీగలది కాదు, ఐదు తీగలది కొను అంటున్నరు, హీరోను చూసి వాయిద్యం కొనుడు చిన్నపిల్లల పని అంటున్నరు.

ఆ మాట పట్టించుకోకు. నేను పాలమూరు, జడ్చర్ల, వనపర్తి దిక్కు చర్చిల్లో, స్టేజీల మీద ఏండ్ల నుంచి వాయిస్తున్న. నాకు తెలిసిన మంచి బేస్ ప్లేయర్లలో హీరో లేనోడు ఒక్కడు లేడు. ఏ సప్పుడు వింటే మన పానం లేచి వస్తదో మనకు మొదట చూపించేది హీరోనే. అది తెల్వకుండ దుకాణానికి పోతే, షాపాయన ఏది చేతిలో పెడితే అదే బాగుందనిపిస్తది. కాని హీరో దగ్గర నువ్వు వింటున్నది ఏందో విడదీసి చూడాలె. అందులో చెయ్యి ఎంత, తీగలు ఎంత, చెక్క ఎంత?

జాకోనే తీసుకో. ఆయనది 1962 ఫెండర్ జాజ్ బేస్, ఫ్రెట్లు లేనిది. వేళ్లతో తీగలు నొక్కే చెక్క, ఫింగర్‌బోర్డు మీద పడవలకు పూసే ఎపాక్సీ పూసిండు. ఎందుకంటే ఆయన వేసుకున్నవి రౌండ్‌వూండ్ తీగలు. అవి గరుకుగ ఉంటయి, ఫ్రెట్లు లేకపోతే చెక్కను గీకి తింటయి. ఆ గట్టి పూత మీద తీగ నొక్కితే స్వరం మనిషి గొంతులెక్క సాగుతది. కాని 1976లో వచ్చిన ఆయన మొదటి ఆల్బం హెడ్‌ఫోన్ పెట్టుకోని నింపాదిగ విను. ఆ గొంతులో సగం వెనుక పికప్‌ది (తీగ కదలికను పట్టి స్పీకరుకు పంపేది), బ్రిడ్జికి (బాడీ మీద తీగలు ఆనే చోటు) దగ్గరగ మీటే వేళ్లది. ఆ హార్మోనిక్స్ (తీగను నొక్కకుండ తాకి తీసే గంటలాంటి స్వరాలు), మధ్యమధ్య వినీవినపడని ఆ మూగ దెబ్బలు ఫ్రెట్లున్న జాజ్ బేస్ మీద కూడా వస్తయి. ముందున్న పికప్ సౌండు తగ్గించు, వెనుకది పూర్తిగ పెట్టు, చెయ్యి బ్రిడ్జి దిక్కు జరుపు. అక్కడికే నీకు చాలా జాకో దొరుకుతడు. మిగిలింది స్వరం నుంచి స్వరానికి ఆ జారుడు. దానికి మాత్రం ఫ్రెట్‌లెస్ కావాల్సిందే, అది నేను కాదనను.

హీరోలు తమ వాయిద్యం ఎందుకు పట్టుకున్నరో కూడా చూడు. బీటిల్స్ బ్యాండు పాల్ మెకార్ట్‌నీ 1961లో జర్మనీలోని హాంబర్గ్‌లో వయొలిన్ ఆకారపు హోఫ్‌నర్ బేస్ కొన్నడు. దాని ధర ముప్పై పౌండ్ల దాకా. ఫెండర్ కొనే పైసలు అప్పుడు లేవు. పైగా ఆయనది ఎడమచేతి వాటం, దాని ఆకారం రెండు పక్కలా ఒకటే కాబట్టి తిప్పి పట్టుకున్నా వికారంగ కనపడది. అమెరికా బేస్ ప్లేయర్ ఆంటనీ జాక్సన్‌కు నాలుగు తీగలు సాలలేదు. ఆరు తీగల బేస్ ఊహించి, 1975లో గిటార్లు చేసే కార్ల్ థాంప్సన్‌తో చేయించుకున్నడు. ఒకరికి చేతిలో ఉన్న పైసలు, ఇంకొకరికి చెవిలో ఉన్న లోటు. నీకు ఏది అడ్డమున్నదో నీకే తెలుస్తది.

నా సంగతి చెప్త. మా దిక్కు బేస్ అనే మాట వినకముందే ఇళయరాజా పాటల్లో బేస్ విన్న. శశిధరన్ వాయించిన ఆ బేస్ పాట కింద ఇంకో పాట నడిచినట్టు ఉంటది. తర్వాత రెహమాన్ పాటల్లో కీత్ పీటర్స్. కాని నా చేతికి వాయిద్యాన్ని ఇచ్చింది జేమ్స్ జేమర్సన్. అమెరికాలో మోటౌన్ అనే రికార్డు కంపెనీ పాటలకు వాయించినాయన, చాలా రికార్డుల మీద ఆయన పేరు కూడా వేయలేదు. ఆయనది 1962 ఫెండర్ ప్రెసిషన్ బేస్, నున్నగ ఉండే మందపాటి ఫ్లాట్‌వూండ్ తీగలు, తెగితే తప్ప మార్చడు. బ్రిడ్జి దగ్గర స్పాంజి ముక్క. కుడిచేతిది ఒక్క చూపుడు వేలే. స్వరం గుండ్రంగ పుట్టి వెంటనే ఆగిపోతది.

ఆ సప్పుడు నాకెందుకు అంత నచ్చిందో చాన్నాళ్లు అంతు చిక్కలేదు. నాగర్‌కర్నూల్ జిల్లా దర్శనం మొగులయ్య పన్నెండు మెట్ల కిన్నెర వింటుంటే సమజైంది. ఆయనకు 2022లో పద్మశ్రీ వచ్చింది, నీకు తెలిసే ఉంటది. వెదురు బొంగు, ఎండిన సొరకాయ బుర్రలు. మీటితే పొడిగ, చెక్కలాగ పలికి పాటకు జాగ ఇచ్చి తప్పుకుంటది. నా చెవి ఆ పొడి స్వరం మీదనే పెరిగింది. జేమర్సన్‌లో నేను విన్నది అదే. హీరో బేస్ ప్లేయరే కావాలని లేదు, తమ్ముడూ. నువ్వు జాకోలో వింటున్న ఆ జారుడు నాదస్వరంలోదా, మీ నాయన పాడిన పద్యంలోదా అని ఒకసారి ఆలోచించు.

ఇట్ల నేను ప్రెసిషన్ తరహా బేస్, ఫ్లాట్‌వూండ్ తీగల దగ్గర ఆగిపోయిన. బ్రిడ్జి దగ్గర గిన్నెలు తోమే స్పాంజి ముక్క పెడుత. మా చర్చిలు సిమెంటు హాళ్లు, కొన్ని రేకుల షెడ్లు. మోత ఎక్కువ, కింది స్వరాలు ఒకదాని మీద ఒకటి పడి ముద్దయితయి. వెంటనే ఆగే స్వరమే అక్కడ మాట అర్థమయ్యేట్టు పలుకుతది.

ఐదు తీగల మాట. నీ వాళ్లు చెప్పేదాంట్లో నిజమున్నది. పాడేవాళ్ల గొంతుకోసం కీబోర్డాయన శ్రుతి మార్చే ట్రాన్స్‌పోజ్ బటన్ నొక్కి ఇ-ఫ్లాట్‌కో, డికో పోతడు, నీ దగ్గర అన్నిటికన్నా కింది తీగ ఇ, దాని కింద ఏమీ ఉండది. ఐదో తీగ బి అక్కెరకొస్తది. కాని దాని మూల స్వరం సెకనుకు 31 కంపనాలు. కిరాయి స్పీకర్ బాక్సుల్లో అది సరిగ పలకది, ఉరుముడే వినపడతది. దానికి తోడు కీబోర్డు ఎడమచెయ్యి కూడా అక్కడే తిరుగుతుంటది. ఎడమచెయ్యి కొంచెం పైకి జరుపుమని ఆయనకు మర్యాదగ చెప్పు, కొత్త తీగ కన్నా అదే ఎక్కువ పని చేస్తది. డి కావాలంటే ఇ తీగను అంతవరకు దించుకోవచ్చు. నీ చెవి ఐదు తీగల హీరో మీద లేదు కాబట్టి ఇప్పుడే దానికి పోకు.

ఫ్రెట్‌లెస్‌ను మొదటి వాయిద్యంగ ఎందుకు వద్దంటున్ననంటే, పెండ్లి స్టేజీ మీద పక్కన డప్పులు, ప్యాడ్స్ మోగుతుంటే నీ స్వరం నీకే వినపడది. వినపడకుండ ఫ్రెట్‌లెస్ మీద శ్రుతి నిలబెట్టుడు పెద్దోళ్లకే కష్టం. అందుకే మొదలు రెండు సింగిల్ కాయిల్ (ఒకే రాగి చుట్ట ఉన్న) పికప్‌లున్న జాజ్ తరహా బేస్ కొను, ఫ్రెట్లతోనే. మెడ బోల్టులతో బిగించింది అయ్యుండాలె. రేపు చెయ్యి కుదిరినంక అదే బాడీకి సరిపోయే ఫ్రెట్‌లెస్ మెడ, ఫ్రెట్ల జాగలో గీతలున్నది, వేరే తెప్పించి మార్చుకోవచ్చు. ఇంట్ల ఫ్రెట్లు పీకే పని మాత్రం పెట్టుకోకు, చెక్క పెచ్చులు లేస్తది.

కొనేటప్పుడు రైలెక్కి సికింద్రాబాద్ పో, ఆన్‌లైన్ బొమ్మ చూసి కొనకు. పట్టీ వేసుకోని నిలబడి వాయించు. నాలుగు కిలోల బరువు రెండు గంటల ఆరాధనలో భుజానికి తెలుస్తది. జాజ్ మెడ పైకొసన సన్నగ, 38 మిల్లీమీటర్లు ఉంటది. ప్రెసిషన్‌ది కొంచెం వెడల్పు. నీ చెయ్యి ఏదంటదో చూసుకో. మీ నల్లగొండ దిక్కు ఎండలకు మెడ కదులుతది కాబట్టి మెడ వంపు సరిచేసే లోపలి కమ్మీ, ట్రస్ రాడ్ తిప్పే కీ అడిగి తీసుకో. కొంత పైకం సెటప్‌కు (తీగల ఎత్తు, మెడ సరిచేయించుడుకు), ఒక జత మంచి రౌండ్‌వూండ్ తీగలకు పక్కన పెట్టు. జాకో గొంతుకు ఫ్లాట్‌వూండ్ పనికిరాదు, అది మా జేమర్సన్ దారి.

బడ్జెట్ ఎంతో ఇక్కడే రాయి. దాన్ని బట్టి ఏ మోడల్లు చూడాలో చెప్త.