సిగ్గుపడి నేను పోగొట్టుకున్న ఏడాది

ప్రశ్న: అక్కా, మేం అమెరికాలో న్యూజెర్సీలోని ఎడిసన్ వచ్చి ఎనిమిది నెలలైంది. పోయిన వారం మావారి ఉద్యోగం పోయింది. నాకు అయిదో నెల. చేతిలో ఉన్నది రెండు నెలల అద్దెకి వస్తుంది. మా పక్క వీధి చర్చిలో గురువారం గురువారం సరుకులు ఉచితంగా ఇస్తారట. వెళ్తే తప్పా? రేపు గ్రీన్ కార్డుకి అడ్డం వస్తుందా? మనవాళ్ళెవరైనా చూస్తే? ఇంటి దగ్గర ఇంకా ఎవరికీ చెప్పలేదు.

జవాబు:

అమ్మాయీ, నువ్వడిగిన మూడు ప్రశ్నలకీ జవాబులు ఉన్నాయి, చెప్తాను. కానీ నన్ను కూర్చోనివ్వకుండా చేసింది నీ చివరి మాట. ఇంటి దగ్గర ఇంకా ఎవరికీ చెప్పలేదన్నావు. ఆ మాట దగ్గరే మొదలుపెడతాను, ఎందుకంటే 2004లో నేనూ అదే పని చేశాను.

మేం ఒంగోలు నుంచి 2003 అక్టోబరులో ఇక్కడికి వచ్చాం. జనవరిలో ఆయన ప్రాజెక్టు అయిపోయింది. కన్సల్టెన్సీ వాళ్ళు ఇదిగో అదిగో అంటూ బెంచి మీద కూర్చోబెట్టారు, జీతం ఇవ్వలేదు. నాది హెచ్-4, అంటే హెచ్-1 ఉద్యోగ వీసా మీద ఉన్నవాళ్ళ భార్యలకి ఇచ్చే వీసా. అప్పుడు ఆ వీసా మీద పనిచేసే వీలే లేదు. గ్రీన్ కార్డు వరసలో ఉన్నవాళ్ళ భార్యలకి ఆ అనుమతి వచ్చింది 2015లో. ఉన్న ఒక్క కారూ ఆయన ఇంటర్వ్యూలకి వేసుకెళ్ళేవారు. నాకు డ్రైవింగ్ రాదు. కిటికీలోంచి పార్కింగ్ చూస్తూ పొద్దు గడిపేదాన్ని.

ఫిబ్రవరిలో ఒకరోజు చెత్త పారేయడానికి కిందికి దిగాను. మెట్టు తడిగా ఉందనుకున్నాను. అది తడి కాదు, గాజులా పేరుకున్న మంచు. జారి పడ్డాను, కుడి మణికట్టు విరిగింది. ఇన్సూరెన్స్ లేదు. ఎమర్జెన్సీలో కట్టు కట్టి పంపించారు. మూడు వారాలకి 4,300 డాలర్ల బిల్లు వచ్చింది. ఆ కవరుని బియ్యం డబ్బా వెనక దాచాను. ఆయన చూస్తే బెంగపడతారని నేను, నేను బెంగపడతానని ఆయన. ఇద్దరికీ తెలుసు అది అక్కడుందని.

ఎడంచేత్తో జడ వేసుకోవడం రాక నెలన్నర పాటు ఆయనే వేశారు. ఆదివారం ఫోన్ కార్డు గీకి అమ్మకి ఫోన్ చేస్తే "ఏం వండావే?" అని అడిగేది. గుత్తివంకాయ అని చెప్పేదాన్ని. వండింది మజ్జిగన్నం. చెయ్యి విరిగిన సంగతి అమ్మకి రెండేళ్ళ తర్వాత ఇండియా వెళ్ళినప్పుడు తెలిసింది. "నాకు చెప్పకుండా ఎట్లా ఉన్నావే?" అని నా మణికట్టు పట్టుకుని ఏడ్చింది. చెప్పకపోవడం వల్ల నేను అమ్మని కాపాడానని అనుకున్నాను. నిజానికి నాకున్న ఒక్క తోడునీ నేనే దూరం పెట్టుకున్నాను.

ఆ బిల్లు సంగతి విను, ఇది నీకు రేపు పనికొస్తుంది. కట్టు చూపించుకోవడానికి ఆసుపత్రికి రెండుసార్లు వెళ్ళాను. రెండుసార్లూ ఫైనాన్షియల్ కౌన్సెలర్ అన్న బోర్డు ముందునుంచే నడిచాను. అది అప్పులిచ్చే చోటనో, డబ్బు వసూలు చేసే చోటనో అనుకుని తల దించుకుని దాటేశాను. న్యూజెర్సీలో చారిటీ కేర్ అని ఒక ఏర్పాటు ఉంది. ప్రభుత్వం నిర్దేశించిన పేదరికపు గీతకి రెట్టింపు ఆదాయం లోపు ఉన్నవాళ్ళకి ఆసుపత్రి ఖర్చు పూర్తిగా, మూడు రెట్ల లోపు ఉంటే కొంత మాఫీ అవుతుంది. బ్యాంకులో ఎంత ఉందో కూడా చూస్తారు. ఆ బోర్డు వెనక ఉన్న మనిషి పని ఆ దరఖాస్తు నింపించడమే. జీతం లేని మాకు అది దొరికి ఉండేది. నాకు తెలిసేసరికి గడువు దాటిపోయింది. 4,300 డాలర్లూ క్రెడిట్ కార్డు మీద వేసి, వడ్డీతో కలిపి రెండేళ్ళు కట్టాం. కట్టేశాం, దానికోసం ఎవరి దగ్గరా చేయి చాచలేదు, ఆ తర్వాత ఇక్కడే ఇల్లు కొన్నాం, ఇద్దరు పిల్లల్ని చదివించాం. అది నాకు గర్వమే. కానీ నువ్వు అలా కట్టనక్కర్లేదు. ఆసుపత్రి గడప తొక్కిన రోజే ఆ గది ఎక్కడుందో అడుగు. ఇంకొకటి, 1986 నాటి చట్టం ప్రకారం ఎమర్జెన్సీ విభాగం డబ్బు లేదని ఎవరినీ చూడకుండా పంపకూడదు. నొప్పి వస్తే లెక్కలు వేసుకుంటూ ఇంట్లో కూర్చోకు.

ఇప్పుడు నీ చర్చి సంగతి. నేనూ అలాంటి చర్చి చుట్టూ మంచులో రెండు ప్రదక్షిణలు చేసి వెనక్కి వచ్చినదాన్నే. ఇంకెవరో ఆకలితో ఉన్నవాళ్ళ వాటా తింటున్నానేమోనన్న భయం ఒకటి. వరసలో మన తెలుగువాళ్ళు కనిపిస్తే ఎట్లా అన్నది రెండోది. ఆ రెండోదే పెద్దది. మూడోసారి మా కింది వాటాలో ఉండే ప్యూర్టోరికో పెద్దావిడ నన్ను చూసింది. ఆవిడకి ఇంగ్లీషు అంతంతమాత్రం, నాకు స్పానిష్ రాదు. కట్టున్న చేతిని చూసి, రెండో చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్ళింది.

లోపల మన రేషన్ షాపులాగానే ఉంది, ఒక తేడా తప్ప. ఎవరూ కసరలేదు. పేరు, ఇంట్లో ఎంతమంది, ఏ ఊరు, అంతే రాసుకున్నారు. కొన్నిచోట్ల అడ్రసు కాగితం అడుగుతారు, ఒకటి దగ్గర పెట్టుకో. ఈ సరుకులు ఎవరి నోటి దగ్గరివీ కావు. దుకాణాలు, రైతులు, కంపెనీలు ఇచ్చే మిగులుని ఫుడ్ బ్యాంకు పోగుచేసి, చర్చిల్లాంటి చిన్న కేంద్రాలకి పంపుతుంది. మన వైపు హిల్‌సైడ్‌లో ఉన్న కమ్యూనిటీ ఫుడ్ బ్యాంక్ ఆఫ్ న్యూజెర్సీ అలాంటిదే. ఈ పద్ధతి 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో పుట్టింది. మాంసం తినమని, లేదా గొడ్డు మాంసం వద్దని ముందే చెప్పు, ఎవరూ ఏమీ అనుకోరు. నాకు శనగల డబ్బాలు నాలుగు, వేరుశనగ వెన్న సీసా ఒకటి, బియ్యం, ఉల్లిపాయలు ఇచ్చారు. శనగల్ని కడిగి, ఎండుమిర్చీ కరివేపాకూ వేసి తాళింపు పెట్టాను. వేరుశనగ వెన్నలో చింతపండు పులుసు, పచ్చిమిర్చి కలిపి పచ్చడి చేశాను. తియ్యగా లేని రకం అడిగి తీసుకో. ఒక గిన్నెలో ఆ శనగలు కింది పెద్దావిడకి ఇచ్చి వచ్చాను. ఇక్కడికి వచ్చాక నేను ఇంకొకరి తలుపు తట్టింది అదే మొదటిసారి. బియ్యం వారంలో అయిపోయింది, ఆవిడ స్నేహం మాత్రం ఆవిడ పోయేదాకా ఉంది.

మనవాళ్ళు చూస్తే అని కదా నీ భయం? రెండో వారం వరసలో నిజంగానే ఒక తెలుగమ్మాయి కనిపించింది. ఇద్దరం ఒకళ్ళనొకళ్ళం చూసుకుని తల తిప్పుకున్నాం. నాలుగో వారానికి మాట్లాడుకున్నాం. నెల్లూరు వాళ్ళు. ఆమె చెప్పింది లైబ్రరీ సంగతి. లైబ్రరీ అంటే పుస్తకాలే అనుకునేదాన్ని. అక్కడ ఇంగ్లీషు మాట్లాడించే తరగతులు, పిల్లలకి కథల గంట, కంప్యూటర్లు, రెజ్యూమే దిద్దేవాళ్ళు, చలికాలంలో వెచ్చటి చోటు, అన్నీ ఊరికే. ఆ తరగతిలో పరిచయమైన కొరియా ఆవిడే నాకు కారు నడపడం నేర్పింది. నీకు ఇవన్నీ చిన్న విషయాల్లా అనిపిస్తాయేమో. రోజుకి పది గంటలు గోడల్ని చూసినవాళ్ళకి కావు.

మీ తరం పిల్లలు ఏ సందేహమొచ్చినా వాట్సాప్ గుంపులో పడేస్తారు. అక్కడ మూడువందల మంది మూడువందల రకాలుగా భయపెడతారు. దానికి బదులు 211కి ఫోన్ చెయ్యి. 1997లో అట్లాంటాలో మొదలైన నంబరు ఇది, ఇప్పుడు దేశమంతా ఉంది. అద్దె, కరెంటు బిల్లు, తిండి, ఏది కావాలన్నా మీ ఊళ్ళో ఎక్కడికి వెళ్ళాలో చెప్తారు. ఇంగ్లీషులో తడబడితే దుబాసీని అడుగు. మొదటిసారి చెప్పిన చోట లేదంటే మళ్ళీ చెయ్యి. ఒక్కసారి అడిగి ఊరుకోవడం మనవాళ్ళకి అలవాటు.

నీకు అయిదో నెల కాబట్టి విక్ అనే పథకానికి తప్పకుండా వెళ్ళు. గర్భిణులకి, బాలింతలకి, అయిదేళ్ళ లోపు పిల్లలకి పాలు, గుడ్లు, పండ్లు, పప్పులు కొనుక్కునే కార్డు ఇస్తారు. వీసా ఏమిటని అడగరు. ఆదాయం చూస్తారు. ఆ ఆఫీసులో నీలాంటి గర్భిణులు పదిమంది కూర్చుని ఉంటారు. ఫోన్ తీసి తల వంచుకోకు, పక్కావిడతో మాట్లాడు.

గ్రీన్ కార్డు మాట. చర్చి ఇచ్చే సరుకులు ప్రభుత్వం లెక్కలోకి వచ్చేవి కావు, ధైర్యంగా వెళ్ళు. ఫుడ్ స్టాంపులు హెచ్-1, హెచ్-4 వాళ్ళకి ఎలాగూ రావు. మిగతా ప్రభుత్వ పథకాల నియమాలు మారుతూ ఉంటాయి, ఏది తీసుకున్నా ముందు వలస లాయరుని ఒక్క మాట అడుగు. ఉద్యోగం పోయాక ఈ దేశంలో ఉండటానికి మీకున్న 60 రోజుల లెక్క మీవారికి తెలిసే ఉంటుంది. ఇన్సూరెన్స్ మార్చుకోవడానికీ దాదాపు అంతే గడువు, దాన్ని మర్చిపోవద్దు. ఇన్సూరెన్స్ కొనుక్కోవడానికి రాష్ట్రం నడిపే గెట్ కవర్డ్ ఎన్‌జె, గర్భిణులకి రాష్ట్రం ఇచ్చే ఇన్సూరెన్స్ ఫ్యామిలీకేర్, రెండూ కనుక్కోండి. వివరాలు వాళ్ళ పేజీల్లో ఉంటాయి, చదువుకున్న పిల్లలు మీకు నేను చెప్పేదేముంది.

తానా, ఆటా, నాట్స్ లాంటి మన తెలుగు సంఘాలు ఉన్నాయి కదా అంటావు. ఉన్నాయి, పెద్ద ఆపద వస్తే కదిలి వస్తారు, నేను కళ్ళారా చూశాను. కానీ మంగళవారం మధ్యాహ్నం మూడింటికి ఊరికే ఏడుపొస్తే ఏ సంఘమూ రాదు. అప్పటికి కావలసింది పక్కవాటా మనిషి. ఎవరూ అందకపోతే 1-833-852-6262. గర్భిణులకీ బాలింతలకీ పగలూ రాత్రీ పలికే ఉచిత నంబరు ఇది. మనసు మరీ కుంగితే 988. ఇంట్లో మనిషి వల్లే కష్టమైతే, మన దక్షిణాసియా ఆడవాళ్ళ కోసమే 1985 నుంచి ఈ రాష్ట్రంలో పనిచేస్తున్న మానవి అనే సంస్థ ఉంది. నీకు ఆ అవసరం లేదనుకో, ఇది చదివే ఇంకొకరికి ఉండొచ్చు.

బ్రిడ్జ్‌వాటర్ బాలాజీ గుడికి వెళ్తారా? వెళ్తే దణ్ణం పెట్టుకుని వెంటనే కారెక్కకండి. క్యాంటీన్‌లో కాసేపు కూర్చోండి. ఎవరైనా పలకరిస్తే "ఉద్యోగం పోయిందండీ" అని చెప్పండి. మొదటిసారి గొంతు పట్టేస్తుంది. ఆయన చేత కూడా అనిపించు. మగవాళ్ళు మనకన్నా గట్టిగా మూసుకుంటారు. మావారు ఆ మాట బయటికి అన్న నెలలోనే, గుడిలో విన్న ఒకాయన ద్వారా ఇంటర్వ్యూ వచ్చింది.

ఈ రాత్రికే అమ్మకి ఫోన్ చెయ్యి, అక్కడ తెల్లవారుతుంది. గురువారం చర్చికి కాస్త ముందుగా వెళ్ళు, గట్టి గుడ్డ సంచులు రెండు పట్టుకెళ్ళు. డబ్బాలు బరువుంటాయి, ఈ నెలల్లో నువ్వు మొయ్యకూడదు, మీవారిని వెంట తీసుకెళ్ళు.