కిటికీలు మార్చే ముందు ఆ నీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో చూడు చెల్లీ

చెల్లీ, నువ్వు రాసింది నిన్న రాత్రే చదివాను. పిల్లలకి సెలవలని ఒడిశాలో మా ఊరు పర్లాకిమిడి వచ్చాం, అమ్మ దగ్గరున్నాను, ఇక్కడ కరెంటు పోయింది, కిటికీ పక్కన కూర్చుని ఫోన్లో టైప్ చేస్తున్నాను, తప్పులుంటే సర్దుకో. గుణుపురం అమ్మాయినని రాశావు కాబట్టి మన మనిషివే అనుకుని కొంచెం గట్టిగానే చెప్తాను, ఏమీ అనుకోకు.

మిన్నెసోటాలో ఇల్లు కొన్నారు, 1974లో కట్టింది, పన్నెండు కిటికీలు, మొదటి చలికాలంలోనే అద్దాల మీంచి నీళ్లు కారాయి, సేల్స్ మనిషి వచ్చి కిటికీలన్నీ మార్చడానికి 24 వేల డాలర్లన్నాడు, ఈ వారంలో సంతకం పెడితే 17 వేలకి ఇస్తానన్నాడు. ఇంతే కదా. సంతకం పెట్టకు. మిగతాది తర్వాత చదువుదువు గాని ముందు ఆ పెన్ను పక్కన పెట్టు.

ఎందుకింత గట్టిగా అంటున్నానంటే నేను పెట్టాను. మేం అమెరికాలో ఇల్లు 2016లో కొన్నాం, ఆ జనవరిలో పొద్దున్న లేచేసరికి వంటగది కిటికీ అద్దం మీద కింద నాలుగు వేళ్ల మేర నీళ్లు, మూలల్లో మంచు గడ్డ కట్టేసి ఉండేది, కిటికీ గట్టు మీద టవల్ చుట్టి పెట్టేదాన్ని, దాన్ని పిండితే సగం మగ్గు వచ్చేది. చెక్క ఉబ్బి పెయింట్ లేచిపోయింది. కిటికీలు పాడైపోయాయి, ఇంటి డబ్బులన్నీ ఇందులోంచే బయటకి పోతున్నాయి అనుకున్నాను, రాత్రి నిద్ర పట్టేది కాదు. అడుగుదామంటే చుట్టుపక్కల మనవాళ్లు ఒక్కరూ లేరు.

అప్పుడే ఒక కంపెనీ వాళ్లు తలుపు కొట్టారు. భార్యాభర్తలిద్దరూ ఉంటేనే వస్తానన్నాడు, వచ్చి మూడు గంటలు కూర్చున్నాడు, ఒక దీపం పెట్టి దాని ముందు అద్దం ముక్క పెట్టి చెయ్యి పెట్టి చూడమన్నాడు, వేడి తగల్లేదు, మా ఆయన అక్కడే పడిపోయారు. గ్యాస్ బిల్లు సగం తగ్గుతుందన్నాడు. పద్నాలుగు కిటికీలకి 28 వేలు చెప్పి, వాళ్ల మేనేజర్‌కి ఫోన్ చేసినట్టు చేసి, ఈ రాత్రికైతే 19,600 అన్నాడు. మా దగ్గరున్న 8,600 ఇచ్చేసి మిగతా 11 వేలు వాళ్ల ఫైనాన్స్ కార్డు మీద తీసుకున్నాం, 18 నెలల దాకా వడ్డీ లేదన్నారు. 2017 జూన్‌లో బిగించారు. తరవాత జనవరిలో ఏమైందో తెలుసా, మళ్లీ నీళ్లు. ముందుకంటే ఎక్కువ.

ఎందుకంటే చెల్లీ, ఆ నీళ్లు బయటనుంచి రావట్లేదు, ఇంట్లోంచే వస్తున్నాయి. మనం అన్నం పొయ్యి మీద వార్చే మనుషులం, చారు, సాంబారు, రెండు పూటలా కుక్కరు, నేనైతే పిల్లాడి బట్టలు హాల్లో స్టాండు మీద ఆరేసేదాన్ని, ముక్కులు ఎండిపోతున్నాయని గాల్లో తేమ పెంచే హ్యుమిడిఫయర్ మిషన్ కూడా రాత్రంతా వేసేదాన్ని. ఆ ఆవిరంతా వెళ్లి ఇంట్లో అన్నిటికన్నా చల్లగా ఉండే అద్దం మీద నీరవుతుంది. పాత కిటికీల సందుల్లోంచి కొంత ఆవిరి బయటకి పోయేది, కొత్తవి బిగుతుగా కూర్చునేసరికి అది కూడా లోపలే ఉండిపోయింది. పది పదిహేను డాలర్లకి తేమ మీటరు దొరుకుతుంది, ఈ రోజే కొను. బయట సున్నా ఫారెన్‌హీట్‌కి దిగినప్పుడు లోపల తేమ 30 శాతం దాటనివ్వకు. స్టవ్ మీది ఫ్యాన్ గాలిని బయటకి తోస్తుందా లేక ఫిల్టర్ గుండా మళ్లీ వంటగదిలోకే ఊదుతుందా చూడు, మాది రెండో రకం, రెండేళ్ల దాకా నాకు తెలీలేదు. అది మార్పించి, బాత్రూం ఫ్యాన్ స్నానమయ్యాక అరగంట నడిపితే మా ఇంట్లో టవళ్ల పని పోయింది.

కాబట్టి ముందు వేలితో తుడిచి చూడు. లోపలివైపు తడి వేలికంటితే అది ఇంటి తేమ. ఒకే కిటికీకి జతగా ఉండే రెండు అద్దాల మధ్యన, ఎటు తుడిచినా పోకుండా మసక ఉంటే అక్కడ సీలు పోయింది, ఆ కిటికీ నిజంగా పాడైనట్టే, కానీ అప్పుడు కూడా ఫ్రేము గట్టిగా ఉంటే అద్దాల జత ఒక్కటే మార్చే షాపులున్నాయి, చాలా తక్కువలో అయిపోతుంది, సేల్స్ మనుషులు ఆ మాట ఎత్తరు. కింది చెక్కలో స్క్రూడ్రైవర్ గుచ్చు, మెత్తగా దిగిపోతే కుళ్లింది, అది మాత్రం మార్చాల్సిందే. గాలొచ్చే చోట అగరొత్తి వెలిగించి పట్టుకో, పొగ ఎటు వంగుతుందో తెలుస్తుంది, అక్కడ సందులు పూడ్చే కాల్కు పేస్టూ, రెక్క అంచుకి అంటించే వెదర్‌స్ట్రిప్పు పట్టీ వేస్తే చాలాసార్లు సరిపోతుంది. ఇలా చూస్తే నీ పన్నెండులో మార్చాల్సినవి నాలుగో అయిదో తేలొచ్చు. అన్నీ ఒకేసారి మార్చాలని ఎక్కడా రూల్ లేదు.

ఇప్పుడు అసలు విషయానికొస్తాను, అప్పు. మా ఫైనాన్స్ 2018 డిసెంబరు మధ్యకి తీరిపోవాలి. నెలనెలా కడుతూనే వచ్చాం. అక్టోబరు 11న తిత్లీ తుఫాను వచ్చింది, నీకూ గుర్తుండే ఉంటుంది, ఇటు గజపతి జిల్లా అంతా అతలాకుతలం అయిపోయింది, ఈ ఇంటి పెంకులు సగం ఎగిరిపోయాయి, అమ్మ మంచం కింద కూర్చుందట. ఉన్నదంతా ఊడ్చి ఇంటికి పంపాం. అక్కడ కార్డుకి ఆ రెండు నెలలూ మినిమం కట్టాం, చివర్లో ఇంకా 900 డాలర్లు మిగిలిపోయింది, ఆ 900 మీదే కదా వడ్డీ పడేది అనుకున్నాం. కాదు. గడువు లోపల పూర్తిగా తీరకపోతే కొన్న రోజునుంచి మొత్తం మీద వడ్డీ లెక్కేసి ఒకేసారి వేస్తారు. 2,240 డాలర్లు. అప్పటి రేటుకి లక్షన్నర పైనే, ఆ డబ్బుతో ఇక్కడ పెంకులన్నీ మార్పించి ఇంకా మిగిలేది. మా నాన్నగారికి బజార్లో చిన్న బట్టల కొట్టుండేది, అప్పు తెచ్చిన రోజే తీర్చే తేదీ గోడ క్యాలెండర్ మీద ఎర్ర సిరాతో గుండ్రం చుట్టేవారు, ఆ ఇంట్లో పుట్టి కూడా నేను తేదీ చూసుకోలేదు. ఇప్పుడు చూస్తాను. తరవాత ఇంటి రూఫ్, ఇల్లు వేడి చేసే ఫర్నేస్ రెండూ చేతిలో డబ్బు పెట్టుకునే మార్పించాం, ఒక్క సెంటు వడ్డీ కట్టలేదు. మీరూ అలాగే చెయ్యండి, తప్పక తీసుకుంటే గడువుకి రెండు నెలల ముందే మూసేయండి. గ్యాస్ బిల్లు ఎంత తగ్గిందో చెప్పలేదు కదూ, చలికాలంలో నెలకి ఇరవై డాలర్లు. పంతొమ్మిది వేలు పెట్టి. నువ్వే లెక్కేసుకో.

ఈపాటికే సంతకం పెట్టేసుంటే కంగారు పడకు, ఇంటికొచ్చి అమ్మిన దానికి మూడో బిజినెస్ డే అర్ధరాత్రి దాకా రద్దు చేసుకునే హక్కు ఉంది, రాతపూర్వకంగా పంపాలి. కిటికీల మీద ఫెడరల్ టాక్స్ క్రెడిట్, అంటే కేంద్ర పన్నులో తగ్గింపు, 600 డాలర్లొస్తుందని ఎవరైనా అంటే నమ్మకు, 2025 డిసెంబరు 31 తరవాత పెట్టినవాటికి అది లేదు. పర్మిట్ కావాలో లేదో మీ సిటీ వాళ్లని అడుగు, కాంట్రాక్టర్ లైసెన్సు రాష్ట్రం సైటులో చూసుకో, మీ కాలనీకి హెచ్ఓఏ, అంటే ఇళ్లవాళ్ల సంఘం, ఉంటే వాళ్లనీ అడుగు. మీ ఇల్లు 1978కి ముందుది కాబట్టి పాత పెయింట్లో సీసం ఉండొచ్చు, చంటిబిడ్డ ఉందన్నావు, అమెరికా పర్యావరణ శాఖ ఈపీఏ ఇచ్చే సర్టిఫికెట్ ఉన్నవాళ్లతోనే చేయించు, దీంట్లో మాత్రం డబ్బు చూడొద్దు.

కొటేషన్లు మూడు తీసుకో, మూడూ ఒకే పనికి ఉండాలి. పాత ఫ్రేములోనే కొత్తది దూర్చేది వేరు, ఫ్రేము పీకి గోడ దాకా తీసి పెట్టేది వేరు, మొదటిది చవక, కానీ అద్దం సైజు కాస్త తగ్గుతుంది, చెక్క కుళ్లిన చోట పనికిరాదు. బెడ్రూం కిటికీ అగ్గి పుడితే మనిషి బయటపడేంత తెరుచుకోవాలి, మామూలుగా 5.7 చదరపు అడుగులు, చిన్నదైపోకుండా ముందే అడుగు. కొత్త కిటికీ స్టికర్ మీద యూ-ఫ్యాక్టర్ అని ఉంటుంది, కిటికీలోంచి వేడి ఎంత పోతుందో చెప్పే అంకె, అది ఎంత తక్కువుంటే అంత మంచిది, మన చలికి కరెంటు, గ్యాస్ ఆదా చేసే సరుకుకి ముద్ర వేసే ఎనర్జీ స్టార్ వాళ్లు 2023 అక్టోబరు నుంచి 0.22 అడుగుతున్నారు, ఎండ బాగా లోపలికొచ్చే అద్దమైతే కొంచెం ఎక్కువున్నా ఒప్పుకుంటారు. కొలతలు వాళ్లే తీసుకుంటారు గాని నువ్వూ టేపు పట్టుకో, వెడల్పు పైన, మధ్యన, కింద మూడు చోట్ల, ఎత్తు కూడా మూడు చోట్ల, అన్నిట్లో చిన్నది రాసుకో, తరవాత మూల నుంచి మూలకి రెండువైపులా కొలువు, తేడా ఉంటే ఫ్రేము వంకర. ఇవి కొలత ఇచ్చి చేయించేవి, తప్పయితే వెనక్కి తీసుకోరు. అందుకే ఆర్డర్ కాగితం మీది అంకెలు నీ అంకెలతో పోల్చి చూసుకునే వరకూ డబ్బు కదపొద్దు. అడ్వాన్సు మూడో వంతు మించి ఇవ్వకు, ఆఖరి చెక్కు అన్ని కిటికీలూ నీ చేత్తో తెరిచి మూసి గడియలు పడ్డాకే, వాళ్ల దగ్గర లీన్ వేవర్, అంటే ఇంటి మీద ఏ క్లెయిమూ లేదని రాసిచ్చే కాగితం, రాయించుకున్నాకే. కాంట్రాక్టర్ సరుకు డబ్బులు ఎగ్గొడితే సరుకమ్మినవాడు మన ఇంటి మీద క్లెయిమ్ వేస్తాడు, ఆ కాగితం దానికోసం.

బిగించే రోజు పెద్ద కథేం కాదు. కర్టెన్లు, బ్లైండ్లు ముందురోజే తీసెయ్, సోఫాలు మూడు నాలుగు అడుగులు జరుపు, పాత దుప్పట్లు కప్పు, గోడ మీది ఫోటోలు దించు, మేం దించలేదు, సుత్తి దెబ్బకి పెళ్లి ఫోటో పడి పగిలింది. అలారం సెన్సార్లుంటే ఆ కంపెనీకి ముందే చెప్పు. పాపని ఆ పూట ఎవరింట్లోనైనా ఉంచు. కొత్తవి వ్యాన్లోంచి దింపగానే స్టికర్లు చూడు, సిటీ వాళ్ల ఇన్‌స్పెక్షన్ ఉంటే అది అయ్యేదాకా పీకొద్దు.

ఇక్కడ అమ్మ ఇంట్లో కిటికీ టేకుది, మా తాతగారి నాటిది, ఇనుప ఊచలు, రెండు రెక్కలు, ఒక అడ్డగడియ, తిత్లీలో పెంకులు పోయాయి గాని ఈ రెక్కలు కదల్లేదు. వానాకాలం బిగుస్తుందని వడ్రంగి వచ్చి అంచు చిత్రిక పట్టి వెళ్తాడు, అంతే.

ఆ కొటేషన్ పేజీలన్నీ ఫోటో తీసి పంపు, వెనక చిన్నక్షరాల పేజీ తప్పకుండా. ఇరవయ్యో తారీఖు దాకా ఇక్కడే ఉంటాను, మీ అమ్మగారు నీకేమైనా పంపాలనుకుంటే గుణుపురం బస్సులో పంపించమను, నా పెట్టెలో రెండు కేజీల చోటుంది.