మండలిలో ఎవర్ని పట్టుకోవాలండీ?

ప్రశ్న: మాది అమలాపురం దగ్గర పల్లె. అబ్బాయికి ఈఏపీసెట్ (ఇంజనీరింగ్ ప్రవేశ పరీక్ష) కౌన్సెలింగ్ మొదటి విడతలో మెకానికల్ వచ్చింది. రెండో విడత చూడాలా, తోట తాకట్టు పెట్టి మేనేజ్‌మెంట్ కోటాలో (కాలేజీయే నింపుకునే సీట్లలో) ఏఐ, అంటే కృత్రిమ మేధ బ్రాంచి, తీసుకోవాలా? ఉన్నత విద్యామండలిలో ఎవరినైనా పట్టుకుంటే బ్రాంచి మారుతుందా?

జవాబు: ఎవర్నీ పట్టుకోకండి. మండలి చేతిలో సీట్లుండవు. 1988 నాటి చట్టంతో పుట్టిన ఆ మండలిది సమన్వయం పని: ఏ ప్రవేశ పరీక్ష ఏ యూనివర్సిటీ నడపాలి, ఎప్పుడు నడపాలి అన్నది చూస్తుంది. మీ వైపు ఇంజనీరింగ్ కాలేజీలకు అఫిలియేషన్ ఇచ్చేది కాకినాడ జేఎన్‌టీయూ. కోర్సుకు అనుమతి దేశమంతటా సాంకేతిక విద్యను చూసే ఏఐసీటీఈది, కౌన్సెలింగ్ సాంకేతిక విద్యాశాఖది. ఇక సీటంటారా, ర్యాంకు, రిజర్వేషన్, లోకల్ ఏరియా, ఆప్షన్ల వరుస చూసి కంప్యూటరే ఇస్తుంది. "లోపల మనవాళ్లున్నారు" అన్నవాడి చేతిలో పెట్టిన డబ్బు గోదాట్లో పోసినట్టే.

ముందు, వచ్చిన సీటుకు గడువులోగా ఆన్‌లైన్‌లో సెల్ఫ్ రిపోర్టింగ్ (సీటు తీసుకుంటున్నామని మనమే నమోదు చేయడం) చేసి, కాలేజీకెళ్లి రిపోర్ట్ చేయించండి. లేకపోతే అదీ పోతుంది. రెండో విడతలో కొత్త సీటొస్తే పాతది దానంతటదే రద్దవుతుంది, రాకపోతే పాతది ఉంటుంది. కాబట్టి ఆప్షన్లలో ఇప్పటిదానికంటే నిజంగా మేలైనవే పెట్టాలి, అన్నిటికంటే కావలసింది పైన. చాలామంది మునిగేది ఇక్కడే. నెట్ సెంటర్ కుర్రాడు వరస నింపేస్తాడు, కాలేజీ కోడ్‌లో ఒక్క అక్షరం తేడా పడి ఊరే మారిపోతుంది. ప్రింటు తీసి అబ్బాయి చేతే చదివించండి.

ఏఐ సంగతి. ఆ పేరు మీద నాకంత నమ్మకం లేదు. సిలబస్‌లో చాలా భాగం సీఎస్‌ఈదే (కంప్యూటర్ సైన్స్‌దే), చాలాచోట్ల చెప్పేవాళ్లూ వాళ్లే, బోర్డు మాత్రం కొత్తది. పైగా మేనేజ్‌మెంట్ సీటుకు ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. మెకానికల్‌లో ఉంటూనే అదనపు క్రెడిట్లతో కంప్యూటర్ మైనర్ (పక్కన చదివే రెండో సబ్జెక్టు) చేసే వీలు చాలా కాలేజీల్లో ఉంది.

కోప్పడకండి గానీ, మీ ఉత్తరమంతా తోట, బ్రాంచి, పరువు. అబ్బాయికేం కావాలో ఒక్క ముక్క లేదు. పక్కింటివాళ్ల అబ్బాయి సీఎస్‌ఈ కాబట్టేనా ఈ హడావుడి? మెకానికల్ వచ్చినంత మాత్రాన వాడేం చెడిపోలేదు. తాకట్టు కాగితం మీద సంతకం పెట్టేముందు ఆ కాలేజీకి వాణ్ని వెంటబెట్టుకెళ్లి, మూడో ఏడు పిల్లల్ని అడగండి: ఏఐ సబ్జెక్టులు ఎవరు చెబుతున్నారు, ల్యాబ్ వారానికి ఎన్ని గంటలు?