‘మిలటరీవాడి మీద విడాకుల కేసు నడవదు’ అంటున్నారు, నిజమేనా?

ప్రశ్న: మా ఆయన సైన్యంలో హవల్దారు. పెళ్లయి తొమ్మిదేళ్లు, ఏడేళ్ల బాబు ఉన్నాడు. రెండేళ్లు దాటింది, డబ్బు పంపడం మానేశారు. సెలవుకి వచ్చినా వాళ్లమ్మగారింట్లోనే ఉండి వెళ్లిపోతున్నారు. విడాకులు అడిగితే ‘మిలటరీవాడి మీద కేసు నడవదు, నా జీతం కోర్టు కూడా ముట్టుకోలేదు’ అంటున్నారు. ఆయన చేసినవన్నీ రాసి పై ఆఫీసర్లకు ఉత్తరం పెట్టమని మా అన్నయ్య అంటున్నాడు. ఏం చేయమంటారు?

జవాబు: అమ్మా, ముందు ఆ భయం తీసేయండి. సైనికుల విడాకులకు వేరే చట్టం, వేరే కోర్టు లేవు. మీ పెళ్లి హిందూ వివాహ చట్టం కింద జరిగి ఉంటే అందరిలాగే 1955 నాటి ఆ చట్టం ప్రకారమే కేసు. భార్య తానున్న చోటే కేసు వేసుకోవచ్చని 2003లో సవరణ వచ్చింది. కాబట్టి ఆయన పోస్టింగ్ ఎక్కడున్నా మీరు మీ ఊరి పరిధిలోని ఫ్యామిలీ కోర్టుకే వెళ్లవచ్చు.

మా దగ్గర ఇలాంటి కేసులు ఎక్కువగా ఆగిపోయేది నోటీసు దగ్గరే. ఒకసారి నేనే భర్త సొంతూరి అడ్రసు ఇచ్చి పొరపాటు చేశాను. కవరు రెండుసార్లు తిరిగొచ్చింది, నెలలు వృథా అయ్యాయి. పాపం ఆ అమ్మాయి ప్రతి వాయిదాకీ చంటిబిడ్డతో వచ్చి కూర్చునేది. సైనికుడికి సమన్లు ఆయన కమాండింగ్ ఆఫీసరు ద్వారా పంపాలని సివిల్ ప్రొసీజర్ కోడ్ చెబుతోంది. అందుకే ఆయన సర్వీసు నంబరు, ర్యాంకు, యూనిట్ పేరు, ‘కేరాఫ్ 56 ఏపీవో’ లేదా ‘99 ఏపీవో’ (ఏపీవో అంటే సైనిక తపాలా కార్యాలయం) అని ఉండే అడ్రసు కావాలి. పాత ఉత్తరాల కవర్లు, మీ డిపెండెంట్ కార్డు, క్యాంటీన్ కార్డు వెతకండి. వాటిలో దొరికే వీలుంది.

ఆయన మాటలో సగం నిజం ఉంది, అదీ చెప్పాలి. యుద్ధ పరిస్థితుల్లోనో, అలాంటి ప్రత్యేక పరిస్థితుల్లోనో పనిచేస్తూ కోర్టుకు రాలేని సైనికుడికి 1925 నాటి సైనికుల వ్యాజ్యాల చట్టం రక్షణ ఇస్తుంది. అప్పుడు కోర్టు విచారణ ఆపి ఉంచుతుంది. కానీ ఆపడమే, కొట్టేయడం కాదు. పైగా కేసు కోసం ఆయన సెలవు తీసుకుంటే, ఆ సెలవులోపే వీలైనంతవరకు విచారణ ముగించేలా చూడాలని 1950 నాటి ఆర్మీ చట్టం 32వ సెక్షను అంటోంది. సరిహద్దులో నిలబడినవాడి పరోక్షంలో తీర్పు రాకూడదు కదా, అది న్యాయమే. దాన్ని అడ్డం పెట్టుకుని భార్యాబిడ్డల్ని గాలికొదిలేయడం మాత్రం న్యాయం కాదు.

జీతం సంగతీ అంతే. కోర్టు డిక్రీతో, అంటే తీర్పు ఉత్తర్వుతో, సైనికుడి జీతం జప్తు చేయడాన్ని ఆర్మీ చట్టమే 28వ సెక్షనులో అడ్డుకుంటోంది. కానీ అదే చట్టంలోని 91వ సెక్షను కింద, భార్యాబిడ్డల పోషణకు సైన్యమే జవాను జీతంలో కోసి ఇవ్వవచ్చు. ఆఫీసర్లకైతే 90వ సెక్షను. ఆర్మీ ఉత్తర్వుల ప్రకారం భార్యకు జీతభత్యాల్లో 22 శాతం, ఒక్కో బిడ్డకు 5.5 శాతం, మొత్తం 33 శాతం మించకుండా. దీనికి కమాండింగ్ ఆఫీసరుకు అర్జీ పెట్టుకోవచ్చు. దాంతోపాటు కోర్టులోనూ మధ్యంతర భరణం, అంటే కేసు తేలేదాకా ఇచ్చే పోషణ ఖర్చు, అడగండి.

అయితే మీ అన్నయ్య చెప్పిన ఉత్తరం వేరు, ఈ అర్జీ వేరు. అర్జీలో పెళ్లి తేదీ, బాబు వివరాలు, డబ్బు ఎప్పటినుంచి ఆగింది, ఇంతే రాయండి. కోపంలో ఆయన గుణం మీద, ఉద్యోగం మీద రుజువు లేని ఆరోపణలు రాశారో, అవి మీ మెడకే చుట్టుకుంటాయి. ఓ సైనికాధికారి కేసులో, భార్య పై అధికారులకూ ఇతరులకూ వరుసగా పెట్టిన ఫిర్యాదులు ఆయన ఉద్యోగాన్నీ పరువునూ దెబ్బతీశాయనీ, అది మానసిక క్రూరత్వమేననీ 2021లో సుప్రీంకోర్టు చెప్పి, భర్తకు విడాకులిచ్చింది. మిమ్మల్ని నిజంగా కొట్టి ఉంటే, వేధించి ఉంటే దాచుకోమనడం లేదు. అది పోలీసులకు, కోర్టుకు రుజువులతో చెప్పండి.

ఇక కారణం. భర్త వదిలేసి రెండేళ్లయితే విడాకులు అడగవచ్చు. డ్యూటీ మీద దూరంగా ఉన్న కాలం వదిలేయడం కిందకు రాదు. మీ విషయంలో బలమైన సంగతి, సెలవుకి వచ్చి కూడా ఇంటికి రాకపోవడం. ఆయన ఏ తేదీన వచ్చారు, ఎప్పుడు వెళ్లారు, మీరు ఫోన్ చేస్తే ఏమన్నారు, ఓ నోటుపుస్తకంలో రాసి పెట్టండి. డబ్బు ఆగిన నెల మీ బ్యాంకు పాస్‌బుక్కే చెబుతుంది.

ఒక్క విషయం ముందే తెలుసుకోండి. విడాకులయ్యాక మీకు ఫ్యామిలీ పెన్షన్ హక్కు, క్యాంటీన్, సైనిక వైద్యం పోతాయి. బాబుకు ఉన్నవి ఉంటాయి. అందుకే శాశ్వత భరణం డిక్రీలోనే రాయించుకోవాలి, ‘తర్వాత చూద్దాం’ అంటే ఒప్పుకోవద్దు.

ఆయన దారికొస్తే పరస్పర అంగీకారం మేలు. ఏడాదిగా భార్యాభర్తల్లా కలిసి లేకపోతే ఇద్దరూ కలిసి వేయవచ్చు. మామూలుగా ఆరు నెలలు ఆగాలి, కానీ తగిన కేసుల్లో ఆ గడువు తగ్గించవచ్చని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. సెలవులు అతుకులబొంతలా దొరికేవాళ్లకు ఇది పెద్ద ఊరట. ఈసారి ఫోన్‌లో వాదన పెట్టుకోకండి. వచ్చే సెలవు ఎప్పుడో ఒక్కటే అడగండి, ఆ తేదీ చూసుకునే పిటిషన్ తయారు చేయించుకోవచ్చు.